చేపల తొట్టెలో ఇంటి సామాను: ఏది పనిముట్టు, ఏది మందు

వెనిగర్ సీసా ఒకటే. తొట్టె అద్దం మీద, నీటిమట్టం దగ్గర గీత గీసినట్టు పేరుకున్న తెల్లటి గారను వెనిగర్‌లో ముంచిన గుడ్డతో రుద్దితే కొద్ది నిమిషాల్లో కరిగిపోతుంది. అదే వెనిగర్‌ను పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) తగ్గించడానికని చెంచాలకొద్దీ నీళ్లలో పోస్తే, మర్నాటికి నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడి, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపించవచ్చు.

గార అంటే ఎక్కువగా కాల్షియం కార్బోనేట్. వెనిగర్‌లో మామూలుగా 4–5 శాతం ఉండే ఎసిటిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది. గుడ్డ పిండేసి అద్దాన్ని మంచినీళ్లతో తుడిస్తే పని పూర్తయినట్టే. ఆమ్లాన్ని తొట్టెలోనే పోసినప్పుడు జరిగేది వేరు. అది నీటిలో పీహెచ్‌ను పట్టి ఉంచే బైకార్బనేట్లు అనే లవణాలను ఖర్చు చేస్తుంది, పీహెచ్ పడిపోతుంది. ఎసిటిక్ ఆమ్లం నుంచి మిగిలిన ఎసిటేట్ బాక్టీరియాకు మేత అవుతుంది. అవి ఒక్కసారిగా పెరిగి నీళ్లను మసకబారుస్తాయి, చేపలకు అందాల్సిన ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. ఎసిటేట్ అయిపోయాక పీహెచ్ మళ్లీ పైకి వస్తుంది. తగ్గాల్సింది తగ్గలేదు, చేపకు మాత్రం రెండుసార్లు కుదుపు తగిలింది.

ఇంట్లో ఉన్న వస్తువులతోనే తొట్టెను చూసుకోవచ్చు, చాలావరకు అది తెలివైన పనే కూడా. అయితే వస్తువు చేతిలోకి తీసుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది నీళ్లలో కరుగుతుందా, కరిగితే మళ్లీ ఎటు పోతుంది? కరగనిది పనిముట్టు, దాన్ని శుభ్రంగా ఉంచుకుంటే చాలు. కరిగేది మందు. మందుకు తూకం ఉంటుంది, వేళ ఉంటుంది, బయటికి పంపే దారి కూడా ముందే తెలిసి ఉండాలి. తొట్టెల్లో జరిగే నష్టాల్లో చాలా భాగం మందును పనిముట్టులా వాడటం వల్ల వచ్చేవే.

"మనం తినేదే కదా, చేపకేమవుతుంది" అనే భరోసా ఇక్కడ చెల్లదు. మనిషి మింగిన పదార్థం కడుపు, కాలేయం, మూత్రపిండాల వడపోత దాటాలి. చేపకు ఆ తీరిక లేదు. మొప్పల్లో రక్తానికీ నీటికీ మధ్య ఉండే పొర మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలవాల్సినంత పలచన. ఆక్సిజన్ లోపలికి వచ్చేదీ, అమ్మోనియా బయటికి పోయేదీ, లవణాలు రాకపోకలు సాగించేదీ అక్కడే. నీళ్లలో పడిన ప్రతిదీ ఆ పొరను తాకుతుంది. సబ్బు మనకు చెయ్యి కడుక్కునే వస్తువు, మొప్పకు అది రక్షణగా ఉన్న జిగురును, దాని కింది కణాలను దెబ్బతీసే వస్తువు. అందుకే తొట్టె పనుల్లో సబ్బు, గిన్నెలు తోమే లిక్విడ్ ఎంత కొంచెమైనా వద్దు. "బాగా కడిగేశాం కదా" అన్న స్పాంజ్ కూడా వద్దు.

కనిపించని పనివాళ్లు

తొట్టెలో చేపల కన్నా ముందు బతికించుకోవాల్సినవి బాక్టీరియా. చేప మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషాలు, మూడోది చాలా ఎక్కువైతే తప్ప భరించగలిగేది. కొత్త తొట్టెలో ఈ ఏర్పాటు కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

1850లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే ఇంగ్లిష్ రసాయనశాస్త్రవేత్త గాజు తొట్టెలో రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను పెట్టి, కుళ్లిన ఆకులను తినడానికి నత్తలను చేర్చి, నీళ్లు మార్చకుండానే చేపలు బతకగలవని చూపించాడు. ఆ తర్వాత 1854లో ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకంతో 'అక్వేరియం' అనే పేరు జనంలోకి వెళ్లింది. వారింగ్‌టన్ ఆ సమతుల్యాన్ని మొక్కలిచ్చే ఆక్సిజన్, నత్తలు చేసే పారిశుద్ధ్యం పరంగానే అర్థం చేసుకున్నాడు. అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. విచిత్రమేమిటంటే, ఆ లోటును పూడ్చినవారిలో ఆయన కొడుకే ఒకడు. అతని పేరు కూడా రాబర్ట్ వారింగ్‌టనే. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నేల మీద పనిచేస్తూ, అమ్మోనియా నైట్రేట్‌గా మారడం రెండు అంచెల్లో, రెండు వేర్వేరు జీవుల వల్ల జరుగుతుందని తేల్చాడు. 1890 ప్రాంతంలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఆ జీవులను విడదీసి పెంచగలిగాడు. తండ్రి తొట్టెలో కనిపించకుండా జరిగినదానికి కొడుకు మట్టిలో జవాబు వెతికాడన్నమాట.

ఈ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేవి తక్కువ. ఫిల్టర్ స్పాంజ్‌ను, ఇసుకను, రాళ్లను, ఏ గరుకు ఉపరితలం దొరికితే దాన్ని అంటిపెట్టుకుని బతుకుతాయి. దీని నుంచి ఇంటి సామాను గురించి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, వాటికి ఇల్లు కట్టివ్వడానికి ఖరీదైన సరుకు అక్కర్లేదు. రంధ్రాలున్న, నీళ్లలో కుళ్లని ఏ పదార్థమైనా సరిపోతుంది. దిండ్లలో నింపే పాలిస్టర్ దూది ఫిల్టర్‌లో చక్కగా పనిచేస్తుంది, నలకలను కూడా పట్టేస్తుంది. నూటికి నూరుపాళ్లు పాలిస్టర్ అయి ఉండాలి, వాసన పట్టించినదో మంటలు అంటుకోకుండా మందు పూసినదో కాకూడదు. పత్తి దూది పెడితే కుళ్లుతుంది. వంటింటి స్పాంజ్ కొనేటప్పుడు క్రిములను చంపుతుందని ప్యాకెట్ మీద రాసి ఉంటే వదిలేయాలి. ఆ మందుకు మంచి బాక్టీరియా, చెడు బాక్టీరియా అన్న తేడా తెలియదు.

రెండోది ఇంకా ముఖ్యం. మురికి పట్టిన ఫిల్టర్ స్పాంజ్‌ను కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండటం చాలా ఇళ్లలో కనిపించే పని. కుళాయి నీటిలో క్లోరిన్ కలిపేదే సూక్ష్మజీవులను చంపడానికి. వారాల తరబడి కుదురుకున్న బాక్టీరియా ఆ కడుగుడుతో చాలావరకు పోవచ్చు, మర్నాటి నుంచి అమ్మోనియా పెరగవచ్చు. నీళ్లు మార్చేటప్పుడు తొట్టె నుంచి తీసిన నీళ్లనే ఒక మగ్గులో పట్టి, అందులో స్పాంజ్‌ను రెండుమూడుసార్లు పిండితే చాలు. స్పాంజ్ గోధుమరంగులోనే ఉంటుంది, ఉండాలి కూడా. నీళ్ల దారికి అడ్డు తొలగితే చాలు, మెరుపు అవసరం లేదు. రెండు స్పాంజ్‌లుంటే ఒకేరోజు రెండూ కడగకపోవడం మంచిది.

బకెట్, కుళాయి, ఆర్వో యంత్రం

ఒక్క వస్తువే ఎంచుకోమంటే చేపల కోసమే కేటాయించిన కొత్త ప్లాస్టిక్ బకెట్‌ను ఎంచుకోవాలి. బట్టలు నానబెట్టిన బకెట్ గోడల్లోకి డిటర్జెంట్ ఇంకుతుంది, ఎంత తోమినా కాస్త మిగులుతుంది. జింకు పూత ఉన్న రేకు బకెట్, రాగి పాత్ర, ఇత్తడి చెంబు కూడా వద్దు. రాగి, జింకు అయాన్లు చేపలకు హానిచేస్తాయి. రొయ్యలకూ నత్తలకూ అయితే అతి తక్కువ రాగి కూడా ప్రాణాంతకం. బకెట్ మీద చెరగని మార్కర్‌తో "చేపలకు" అని రాసి పెడితే ఇంట్లో మిగతావాళ్లు పొరపాటున వాడరు.

కుళాయి నీటిని బకెట్‌లో పట్టి ఒకరోజు ఉంచితే క్లోరిన్ పోతుందనేది పాతకాలం నుంచి వస్తున్న సలహా. మామూలు క్లోరిన్ విషయంలో అది నిజమే. వెడల్పాటి పాత్రలో 24 గంటలు మూత లేకుండా ఉంచితే, మధ్యమధ్య కలిపితే ఇంకా త్వరగా, గాలిలో కలిసిపోతుంది. కానీ కొన్ని నీటి సరఫరా సంస్థలు క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడతాయి. అమ్మోనియాతో జతకట్టిన క్లోరిన్ అది, ఎక్కువకాలం నిలవాలనే దాన్ని వాడతారు. ఒకరోజు బయట పెట్టినంత మాత్రాన అది పోదు. అక్కడ సోడియం థయోసల్ఫేట్ లాంటి క్లోరిన్ విరుగుడు తప్పదు. ఫొటోలు కడిగే చీకటిగదుల్లో 'హైపో' అని పిలిచిన స్ఫటికాలు అవే. అవి కూడా క్లోరిన్‌నే తీసేస్తాయి, విడివడిన అమ్మోనియా మిగిలిపోతుంది. దాన్ని ఫిల్టర్‌లోని బాక్టీరియా చూసుకోవాలి.

మంచినీళ్ల కోసం ఇంట్లో ఆర్వో యంత్రం ఉంటే, అందరికన్నా శుభ్రమైన నీళ్లు చేపలకే ఇద్దామని చాలామందికి అనిపిస్తుంది. ప్రేమతో చేసే పొరపాటు ఇది. ఆర్వో నీటిలో లవణాలు దాదాపు ఉండవు. పీహెచ్‌ను పడిపోకుండా పట్టి ఉంచే బైకార్బనేట్లు కూడా పోతాయి. నైట్రేట్ తయారయ్యే క్రమంలో పుట్టే ఆమ్లం ఆ మిగిలిన కొద్దిపాటి పట్టునూ తినేస్తే, ఒకరోజు పీహెచ్ ఉన్నట్టుండి కుప్పకూలుతుంది. నీటి మార్పిడికి ఆర్వో నీళ్లు ఒక్కటే వాడటం సరికాదు. కుళాయి నీళ్లు మరీ కఠినంగా ఉన్నప్పుడు కొంత కలుపుకోవచ్చు, ఆవిరైపోయిన నీళ్లను భర్తీ చేయడానికి మాత్రం ఇవే మేలు. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టెలోనే ఉండిపోతాయి కాబట్టి.

ఆర్వో యంత్రంతో పాటు వచ్చే టీడీఎస్ పెన్నుతో తొట్టె నీళ్లు కొలిచి "300 ఉంది, బాగుంది" అనుకోవడం కూడా జరుగుతుంటుంది. ఆ పెన్ను నీటి విద్యుత్ వాహకతను కొలిచి, అందులో మొత్తం ఎంత కరిగి ఉందో అంచనా కడుతుంది. కరిగింది ఏమిటో చెప్పదు. లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా చేపలను ఇబ్బందిపెట్టడానికి చాలు, 300 అంకెలో అది కనిపించదు. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలకు ఇంట్లో ప్రత్యామ్నాయం లేదు. ఖర్చు పెట్టాల్సిన చోటు అదొక్కటే అయినా పెట్టాలి.

కరగని సామాను

ఈ వర్గం గురించి ఎక్కువ ఆలోచించాల్సిన పనిలేదు. కొత్త టూత్‌బ్రష్ ఫిల్టర్ గొట్టాల్లో, మోటారు రెక్క మీద పేరుకున్న జిగురును తీస్తుంది. గడువు తీరిన ప్లాస్టిక్ ఏటీఎం కార్డు అద్దం మీది పాచిని గీకుతుంది. గాజుకైతే బ్లేడు కూడా వాడొచ్చు, యాక్రిలిక్ తొట్టెకు వద్దు, గీతలు పడతాయి. సూది లేని సిరంజి ద్రవ ఎరువు కొలవడానికి, చేపపిల్లల దగ్గరికి మేత చేర్చడానికి, మూలలో పడిన వ్యర్థాన్ని పీల్చడానికి ఉపయోగపడుతుంది. పాత నైలాన్ స్టాకింగ్‌ను ఫిల్టర్ నీళ్లు పీల్చే మూతికి తొడిగితే పిల్లలు లోపలికి లాగబడవు. మెరుపు పూత లేని మట్టి పూలకుండీని అడ్డంగా పడుకోబెడితే చేపలకు గుహ దొరుకుతుంది. నాచుమొక్కను రాయికి కట్టడానికి నైలాన్ దారం కన్నా నూలుదారం మంచిది. నూలు కొన్ని వారాల్లో కుళ్లిపోతుంది, ఆలోగా మొక్క రాయిని పట్టుకుంటుంది. తొట్టె అంచున వేళ్లు మాత్రం నీళ్లలో మునిగేలా మనీప్లాంట్ కొమ్మ పెడితే, అది నైట్రేట్‌ను ఎరువుగా పీల్చుకుంటుంది.

గొట్టంతో నీళ్లు తోడేటప్పుడు నోటితో లాగే అలవాటు మానుకోవాలి, తొట్టె నీళ్లు నోట్లోకి రావచ్చు. 1926లో ఫిలడెల్ఫియాలోని అక్వేరియంలో చనిపోయిన చేపల నుంచి గుర్తించిన మైకోబాక్టీరియం మరైనమ్ అనే సూక్ష్మజీవి తొట్టె నీళ్లలో ఉండవచ్చు. అది చేతి మీది గాయాల గుండా ప్రవేశించి, నెలల తరబడి మానని పుండ్లు కలిగిస్తుంది. గొట్టాన్ని మొత్తం తొట్టెలో ముంచి నీళ్లతో నింపి, ఒక కొసను వేలితో మూసి బకెట్‌లోకి దించితే నీళ్లు వాటంతటవే పారతాయి. చేతికి గాయం ఉంటే గిన్నెలు తోమే పొడవాటి రబ్బరు తొడుగు వేసుకోవాలి, అదీ తొట్టె కోసమే విడిగా ఉంచుకున్నది.

తోడిన నీళ్లు కుండీల్లో పోయవచ్చు, అందులోని నైట్రేట్ మొక్కలకు ఎరువే. తొట్టెలో ఉప్పు వేసి ఉంటే మాత్రం పోయకూడదు.

ఉప్పు

ఇంటి మందుల్లో నిజంగా మందు అనిపించుకోగలిగింది ఉప్పే. అందుకే దాన్ని అందరూ వాడతారు, ఎక్కువమంది అవసరం లేనప్పుడు వాడతారు.

మంచినీటి చేప రక్తంలో లీటరుకు సుమారు 9 గ్రాముల ఉప్పుకు సమానమైన లవణాలుంటాయి. చుట్టూ ఉన్న నీటిలో దాదాపు ఉండవు. కాబట్టి నీళ్లు ఎప్పుడూ చేప ఒంట్లోకి చొరబడుతూనే ఉంటాయి, లవణాలు బయటికి కారిపోతూనే ఉంటాయి. చొచ్చుకొచ్చే నీళ్లను మూత్రపిండాలు తోడిపోస్తుంటాయి, పోయిన లవణాలను మొప్పలు తిరిగి పట్టి లోపలికి లాగుతుంటాయి. ఈ పనికి శక్తి ఖర్చవుతుంది. చేపకు గాయమైనా, ప్రయాణంలో అలసినా, మొప్పలు దెబ్బతిన్నా ఆ భారం పెరుగుతుంది. లీటరుకు 1 గ్రాము ఉప్పు ఆ భారాన్ని కొంత తగ్గిస్తుంది.

ఉప్పు చేసే ఇంకో మేలు మరింత స్పష్టమైనది. కొత్త తొట్టెలో నైట్రైట్ పెరిగినప్పుడు, మొప్పలు క్లోరైడ్‌ను లాక్కునే దారిలోనే నైట్రైట్ కూడా చొరబడుతుంది. రక్తంలోకి చేరాక హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుస్తుంది, రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీటిలో క్లోరైడ్ సమృద్ధిగా ఉంటే ఆ దారిలో చోటు కోసం జరిగే పోటీలో నైట్రైట్ ఓడిపోతుంది. లీటరుకు గ్రాము ఉప్పు అంటే సుమారు 600 మిల్లీగ్రాముల క్లోరైడ్, ఈ పోటీకి అది పుష్కలం. చెంచాతో అంచనా కాకుండా వంటింటి డిజిటల్ త్రాసు వాడాలి. 100 లీటర్ల తొట్టెకు 100 గ్రాములు, అదీ విడిగా మగ్గులో కరిగించి, కొన్ని గంటల వ్యవధిలో విడతలుగా.

అయోడిన్ కలిపిన ఉప్పు చేపలను చంపుతుందనే భయం బాగా వ్యాపించింది, లెక్క వేస్తే అది నిలబడదు. కిలో ఉప్పులో 20 నుంచి 40 మిల్లీగ్రాముల అయోడిన్ ఉందనుకుందాం. లీటరుకు గ్రాము ఉప్పు వేస్తే లీటరుకు వచ్చే అయోడిన్ 20–40 మైక్రోగ్రాములు. సముద్రపు నీటిలో సహజంగానే లీటరుకు 60 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. చూసుకోవాల్సింది గడ్డకట్టకుండా కలిపే ఇతర పదార్థాలను. వాటితో పేచీ లేకుండా ఏమీ కలపని గళ్ల ఉప్పు తెచ్చుకుంటే సరి.

ఇక మొదటి ప్రశ్నకు తిరిగి రావాలి: కరిగిన ఉప్పు ఎటు పోతుంది? ఎటూ పోదు. ఆవిరవదు, ఫిల్టర్‌లో చిక్కదు, బాక్టీరియా తినదు. 100 లీటర్ల తొట్టెలో వారానికి 10 లీటర్లు ఆవిరై, ఆ లోటును ప్రతిసారీ లీటరుకు గ్రాము ఉప్పు కలిపిన నీళ్లతోనే పూడుస్తూ పోతే, పది వారాల్లో ఉప్పు రెట్టింపవుతుంది. తీయాలంటే నీళ్లు తోడటమొక్కటే దారి. అదీ ఒక్కరోజులో తేలేది కాదు. వారానికి పావు వంతు చొప్పున ఉప్పులేని నీళ్లతో మార్చినా, నాలుగు వారాల తర్వాత కూడా మూడో వంతు ఉప్పు మిగిలే ఉంటుంది. చాలా నీటిమొక్కలు దీన్ని భరించవు. కోరిడోరస్ వంటి అడుగున తిరిగే క్యాట్‌ఫిష్‌లు, లోచ్‌లు ఉప్పుకు సున్నితమైనవి. అలసిన చేపను విడిగా ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, అక్కడ ఉప్పు వైద్యం చేయడం తొట్టె మొత్తానికి ఉప్పు పట్టించడం కన్నా ఎప్పుడూ మేలు. ఏ జబ్బూ లేకపోయినా బలం కోసం నెలనెలా ఉప్పు వేసే పద్ధతిని సమర్థించడానికి మంచి కారణం కనిపించదు.

వంటసోడా, బ్లీచ్

వంటసోడా అంటే సోడియం బైకార్బనేట్. ఆర్వో నీళ్ల వల్లో, ఏళ్ల తరబడి నీళ్లు సరిగా మార్చకపోవడం వల్లో బైకార్బనేట్లు అడుగంటితే ఇది వాటిని తిరిగి ఇస్తుంది. కార్బనేట్ కఠినత (నీటిలోని బైకార్బనేట్లకు కొలత) ఒక డిగ్రీ పెరగడానికి లీటరుకు 30 మిల్లీగ్రాములు చాలు, అంటే 100 లీటర్లకు 3 గ్రాములు. ఒక టీస్పూను దానికన్నా ఎక్కువే తూగుతుంది. పేరులో పోలిక చూసి బట్టల సోడా వేయకూడదు, అది సోడియం కార్బనేట్, పీహెచ్‌ను ఒక్కసారిగా ఎగదోస్తుంది. బేకింగ్ పౌడర్ కూడా కాదు, అందులో ఆమ్ల లవణాలు, పిండి కలిసి ఉంటాయి.

సరైన సోడా వేసినా ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. పాతబడిన తొట్టెలో పీహెచ్ బాగా పడిపోయినప్పుడు బాక్టీరియా మందగించి, అమ్మోనియా పేరుకుని ఉంటుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతకాలం అది చాలావరకు అమ్మోనియం అయాన్ రూపంలో, పెద్దగా హాని చేయకుండా ఉంటుంది. 25 డిగ్రీల వేడి దగ్గర, పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషపూరితమైన అమ్మోనియా ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే 5 శాతం దాటుతుంది, 9కి చేరితే మూడో వంతు పైనే. ఆ నీళ్లలో చెంచాడు సోడా పడితే, కొత్త విషం ఏదీ కలపకుండానే ఉన్నదానికి కోరలు మొలుస్తాయి. చేపలు చనిపోయాక నింద సోడా మీద పడుతుంది, అసలు లోపం అమ్మోనియా పరీక్ష చేయకపోవడం. ముందు కొద్దికొద్దిగా నీళ్లు మార్చి అమ్మోనియాను తగ్గించాలి, సోడా ఆ తర్వాత, కొన్ని రోజుల మీద.

బ్లీచ్‌ను చేపలున్న తొట్టెకు దూరంగా ఉంచాలి. జబ్బు వచ్చి ఖాళీ చేసిన తొట్టెను, వలను, గొట్టాలను శుద్ధి చేయడానికి మాత్రం ఇంతకు మించినది ఇంట్లో ఉండదు. వాసన, నురగ లేని మామూలు బ్లీచ్ ఒక వంతుకు 20 వంతుల నీళ్లు కలిపి, కొద్ది నిమిషాలు ఉంచి, పలుమార్లు కడిగి, క్లోరిన్ విరుగుడు కలిపిన నీళ్లలో ముంచి, ఎండనిస్తే అవశేషం ఉండదు. గార తీయడానికి వాడిన వెనిగర్ ఆ తొట్టెలో మిగిలి ఉండగా బ్లీచ్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అది మనుషులకే ప్రమాదం.

ఎండాకాలం, కరెంటు లేని రాత్రి

నీళ్లు వేడెక్కినకొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. అదే సమయంలో చేప శరీరం వేడికి మరింత ఆక్సిజన్ అడుగుతుంది. అందుకే వేసవిలో ముందుగా గుర్తొచ్చే ఇంటి ఉపాయం ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసా. ఒక అర లీటరు మంచు సీసా పూర్తిగా కరిగి తొట్టె వేడికి చేరేలోపు సుమారు 240 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది. 100 లీటర్ల నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే 418 కావాలి. అంటే ఒక సీసాతో తగ్గేది అర డిగ్రీకి కాస్త పైన. కరిగాక గది వేడికి మళ్లీ మామూలే. చిన్న తొట్టెలోనైతే ఇదే సీసా తిరగబడుతుంది. 10 లీటర్లలో వేస్తే ఐదారు డిగ్రీలు పడిపోవచ్చు, వేడి కన్నా ఆ దూకుడే చేపకు చేటు.

బల్ల ఫ్యాన్‌ను నీటి ఉపరితలం మీదికి తిప్పి పెట్టడం చూడటానికి చిన్న పనే, ఫలితం పెద్దది. నీరు ఆవిరయ్యేటప్పుడు లాక్కుపోయే వేడి అంతటిది. 100 లీటర్ల తొట్టె నుంచి 170 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసుకు కొంచెం తక్కువ నీళ్లు ఆవిరైతే చాలు, ఒక డిగ్రీ తగ్గుతుంది. మూత తీసి, చేపలు దూకకుండా వల కప్పి ఫ్యాన్ నడిపిస్తే మామూలుగా రెండు మూడు డిగ్రీల తేడా నిలకడగా దొరుకుతుంది. ఉపరితలం కదలడం వల్ల ఆక్సిజన్ కూడా ఎక్కువ కలుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ ఉపాయం బలం తగ్గుతుంది. ఆవిరైన నీళ్ల లోటు తీర్చడానికి పైన చెప్పిన ఆర్వో నీళ్లు సరిగ్గా ఇక్కడే పనికొస్తాయి.

కరెంటు పోయినప్పుడు మగ్గు చాలు. తొట్టె నీళ్లనే మగ్గుతో తీసి, జానెడు ఎత్తు నుంచి తిరిగి పోస్తే గాలి కలుస్తుంది. గంటకోసారి కొద్ది నిమిషాలు ఇలా చేస్తే, చేపలు కిక్కిరిసి లేని తొట్టె ఒక రాత్రి గట్టెక్కుతుంది. మేత వేయకూడదు. చలికాలమైతే తొట్టె చుట్టూ దుప్పటి చుట్టాలి, పైభాగం మూయకుండా. కరెంటు వచ్చాక ఒక జాగ్రత్త: మూసి ఉండే డబ్బా ఫిల్టర్ గంటల తరబడి ఆగిపోతే లోపలి బాక్టీరియా ఆక్సిజన్ లేక చావడం మొదలుపెడుతుంది, నీళ్లు కుళ్లుతాయి. స్విచ్ వేసేముందు దాన్ని విప్పి ఆ నీళ్లు పారబోయాలి.

నీళ్లలో వేయకుండానే పడేవి

చేతులకు రాసుకున్న క్రీము, సెంటు, గది తుడిచే ఫినాయిల్ తుంపర్లు, అన్నింటికన్నా ప్రమాదకరంగా దోమల మందు. దోమల స్ప్రేలు, కాయిల్స్, ప్లగ్ పెట్టే ద్రవాల్లో ఎక్కువగా ఉండేది పైరెత్రాయిడ్ జాతి మందులు. మనుషుల శరీరం వాటిని త్వరగా విరగ్గొట్టుకుంటుంది. చేపలకు, రొయ్యలకు ఆ సామర్థ్యం చాలా తక్కువ, అతి స్వల్ప పరిమాణం కూడా వాటి నరాలను దెబ్బతీస్తుంది. తొట్టె మీద మూత ఉందిగా అనుకోవడానికి లేదు. ఎయిర్ పంప్ గదిలోని గాలినే పీల్చి బుడగలుగా నీళ్లలోకి పంపుతుంది. గది మూల కొట్టిన మందును తొట్టె అడుగుదాకా మోసుకొచ్చేది అదే. పంప్ ఆపేస్తే ఆక్సిజన్ సమస్య. ఆ గదిలో మందు కొట్టకపోవడమే ఉత్తమం. తప్పనిసరి అయితే ముందుగా పంప్‌ను పొడవాటి గొట్టంతో పక్క గదిలోకి, తొట్టె నీటిమట్టం కన్నా ఎత్తులో ఉన్న చోటికి మార్చి, తలుపు దగ్గరగా వేసి, తొట్టె మీద తడిబట్ట అంచుల దాకా కప్పాలి. బుడగలు పక్క గది గాలితో వస్తూనే ఉంటాయి. మందు కొట్టిన గది కిటికీలు తెరిచి కొన్ని గంటలు గాలాడనిచ్చాకే ఆ బట్ట తీయాలి.